ఇంటి ఆటోమేషన్ స్టార్టప్‌ను మొదలుపెట్టడం ఎలా: ఒక ఇబ్బంది నుంచి తొలి పది ఇళ్ల దాకా

2011 చలికాలంలో, అమెరికాలోని కొలరాడో కొండల్లో ఉన్న ఒక విడిది ఇంట్లో కరెంటు పోయింది. ఇంట్లో ఎవరూ లేరు. గదులను వెచ్చగా ఉంచే యంత్రం ఆగిపోవడంతో గొట్టాల్లోని నీరు గడ్డకట్టింది, గొట్టాలు పగిలాయి, ఇల్లు నీటిపాలైంది. యజమాని అలెక్స్ హాకిన్‌సన్ కుటుంబంతో సహా అక్కడికి చేరేదాకా ఈ సంగతి ఎవరికీ తెలియలేదు. ఇంటికి కష్టం వచ్చినప్పుడు ఆ ఇల్లే యజమానికి కబురు పెట్టే ఏర్పాటు ఎందుకు ఉండకూడదన్న ఆలోచనలోంచి స్మార్ట్‌థింగ్స్ అనే సంస్థ పుట్టింది. 2012లో ఆ సంస్థ, వస్తువు తయారుకాకముందే జనం నుంచి డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ వెబ్‌సైటు ద్వారా 2.5 లక్షల డాలర్లు కావాలని అడిగితే 12 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. 2014 ఆగస్టులో శామ్‌సంగ్ దాన్ని కొనుక్కుంది.

ఇంట్లోని పరికరాలు తమంతట తామో, ఫోను ఆజ్ఞతోనో నడిచేలా చేసే ఈ రంగంలో పేరు తెచ్చుకున్న మరికొన్ని సంస్థల పుట్టుక కూడా ఇలాగే ఉంటుంది. ఆపిల్‌లో పనిచేసి బయటికి వచ్చిన టోనీ ఫాడెల్, టాహో సరస్సు దగ్గర ఇల్లు కట్టుకుంటూ, గది ఉష్ణోగ్రతను అదుపులో ఉంచడానికి గోడకు బిగించే థర్మోస్టాట్లు చూడటానికీ వాడటానికీ ఇంత అధ్వానంగా ఎందుకున్నాయని విసిగిపోయి, 2010లో మ్యాట్ రోజర్స్‌తో కలిసి పాలో ఆల్టోలోని ఒక గ్యారేజీలో నెస్ట్‌ను మొదలుపెట్టారు. 2011 అక్టోబరులో 249 డాలర్ల ధరతో వారి తొలి థర్మోస్టాట్ వెలుగు చూసింది. 2014 జనవరిలో గూగుల్ ఆ సంస్థను 320 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. జేమీ సిమినాఫ్ గ్యారేజీలో పనిచేసుకుంటుంటే వీధి తలుపు గంట వినిపించేది కాదు. ఫోనులో మోగే తలుపు గంటను ఆయన తన కోసం తయారుచేసుకున్నారు, అదే తర్వాత రింగ్ అనే సంస్థ అయింది. మన దేశంలో పుణెకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ కథ నాకు వీటన్నిటికంటే దగ్గరగా అనిపిస్తుంది. మోటారు వేయడానికి వేళకాని వేళ పొలానికి నడిచి వెళ్లే తన తాత అవస్థను చూసి, ఫోనుతో పంపును నడిపే నానో గణేశ్ అనే పరికరాన్ని ఆయన రూపొందించారు.

ఇటువంటి సంస్థను మొదలుపెట్టాలనుకునే తెలుగు ఇంజినీర్ల కోసం, ముఖ్యంగా ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు బల్ల మీద బోర్డులు అతికించుకునే వారి కోసం, ఈ మార్గదర్శిని రాస్తున్నాను. పైన చెప్పిన నలుగురిలో ఎవరూ ‘స్మార్ట్ హోమ్’ అనే మాటతో పని మొదలుపెట్టలేదు. ఒక ఇల్లు, లేదా ఒక పొలం, అందులో తమకు బాగా తెలిసిన ఒక ఇబ్బంది, దానితోనే మొదలుపెట్టారు. ఇంట గెలిచి రచ్చ గెలవమని మన పెద్దలు చెప్పిన మాట ఈ వ్యాపారానికి అక్షరాలా వర్తిస్తుంది.

ముందు ఇబ్బందిని పట్టుకోండి

మీ ఇంట్లో రెండు వారాల పాటు ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏదైనా స్విచ్ వేయడానికో కట్టేయడానికో ఎవరు లేచి వెళ్లారు, ఏది మరిచిపోయారు, దేని గురించి ఇంట్లో మాటామాటా వచ్చింది అన్నది, సమయంతో సహా రాయండి. ఆ పుస్తకంలో పరికరాల పేర్లు, పరిష్కారాల ఊహలు రాయకండి; జరిగింది మాత్రమే రాయండి. రెండు వారాల తర్వాత చూస్తే, పడుకుని లైటు ఆర్పడం లాంటివి మీరు అనుకున్నంత ఎక్కువగా ఉండవు. గీజర్ వేసి మరిచిపోవడం, ఇంటికి తాళం వేశాక ఇస్త్రీపెట్టె కట్టేశామా లేదా అన్న బెంగ, కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు ఎవరో మిక్సీ వేయడం, పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి పెద్దవాళ్లిద్దరే ఉన్న ఇంట్లో రాత్రి బాత్రూముకు వెళ్లే దారిలో చీకటి, ఇవి మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

మా ఇంట్లో కనిపించింది నీళ్ల మోటారు. సంపు నుంచి మేడ మీది ట్యాంకుకు నీళ్లెక్కించే ఒక హార్స్‌పవర్ మోటారు అది. దాని స్విచ్ మెట్ల కింద ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ రోజుకు రెండుసార్లు అక్కడికి దిగేది. ట్యాంకు నిండి పొర్లి, నీళ్లు వీధిలోకి పారి, ఎదురింటివాళ్లు కేకేస్తే మళ్లీ దిగేది. నేను తయారుచేసిన మొదటి పరికరం దానికోసమే. నేను ఇంజినీరునే అయినా, ఆ పరికరానికి కావలసిన లక్షణాల జాబితా రాసింది మాత్రం మా అమ్మే.

మీ ఇంట్లో తేలిన ఇబ్బంది ఇతరులకూ ఉందో లేదో తెలుసుకోవడానికి కనీసం ఇరవై ఇళ్లకు వెళ్లండి. ‘ఇలాంటి వస్తువు చేస్తే కొంటారా?’ అని మాత్రం అడగకండి. మన దగ్గర మొహమాటం కొద్దీ అందరూ కొంటామనే అంటారు. ‘కిందటిసారి ట్యాంకు ఎప్పుడు పొర్లింది? అప్పుడు ఏం చేశారు? దీనికోసం ఇంతకుముందు ఏమైనా కొన్నారా? ఎంత పెట్టారు?’ అని అడగండి. ఇప్పటికే ఏదో ఒక బెల్లో బాల్ వాల్వో కొని, అది పాడైతే మళ్లీ బాగుచేయించుకున్నవారు నిజమైన ఇబ్బంది ఉన్నవారు. వారి దగ్గర ఐదువందలో వెయ్యో అడ్వాన్సు అడిగి చూడండి. కిక్‌స్టార్టర్‌లో డబ్బు కట్టినవారు స్మార్ట్‌థింగ్స్‌కు చేసిన మేలు అదే: వస్తువు చేతికి రాకముందే డబ్బు ఇచ్చారు కాబట్టి, ఆ కోరిక ఉత్తమాట కాదని తేలింది.

స్విచ్‌బోర్డు వెనుక ఏముందో తెలుసుకోండి

ఇంటి ఆటోమేషన్ చరిత్రలో తొలి వాణిజ్య విజయం ఎక్స్10ది. స్కాట్లండ్‌లోని గ్లెన్‌రోథెస్‌లో కాలిక్యులేటర్ చిప్పులు తయారుచేసే పైకో ఎలక్ట్రానిక్స్ 1975లో దాన్ని రూపొందించింది. వారి పదో ప్రాజెక్టు కాబట్టి ఆ పేరు వచ్చింది. కొత్త తీగలు లాగకుండా, ఇంట్లో ఉన్న కరెంటు తీగల మీదనే, విద్యుత్ తరంగం సున్నాను దాటే క్షణంలో 120 కిలోహెర్ట్జ్ సంకేతాలను పంపడం దాని కిటుకు. పదహారు ఇంటి కోడ్లు, ఒక్కొక్కదానికి పదహారు పరికరాలు, మొత్తం 256. పద్ధతి పాతబడింది గానీ ఆ నిర్ణయం వెనుక ఉన్న వివేకం పాతబడలేదు. కట్టి పూర్తయిన ఇంట్లో గోడ పగలగొట్టడానికి ఎవరూ ఒప్పుకోరు. అందుచేత ఉన్న బోర్డులో, ఉన్న తీగలతో, ఉన్న స్విచ్‌ల వెనుక ఇమిడే వస్తువునే మీరు తయారుచేయాలి.

అమెరికాలో ఈ పనికి పెద్ద అడ్డంకి పాత ఇళ్ల స్విచ్ పెట్టెల్లో, పరికరం నిరంతరం నడవడానికి కావలసిన న్యూట్రల్ తీగ లేకపోవడం. మన ఇళ్లలో చాలా గదుల్లో స్విచ్‌లతో పాటు అదే బోర్డులో ప్లగ్ సాకెట్ కూడా ఉంటుంది కాబట్టి న్యూట్రల్ దొరుకుతుంది. బాత్రూము బయటి స్విచ్‌లు, మెట్ల దగ్గరి టూ-వే స్విచ్‌లు మాత్రం ఇబ్బంది పెడతాయి. మన దగ్గర అసలు చిక్కు చోటుది. పాత చెక్కబోర్డులో కావలసినంత ఖాళీ ఉంటుంది, కొత్త మాడ్యులర్ పెట్టెలో తీగలు కుక్కాక వేలు కూడా దూరదు. ఆ పెట్టె లోహంతో చేసినదైతే అందులో కూర్చున్న వైఫై యాంటెన్నాకు రూటరు కనిపించదు. కాబట్టి బోర్డు కొలతలను కంప్యూటరు మీద గీయకముందే, కనీసం పది ఇళ్ల స్విచ్‌బోర్డులను, మెయిన్ కట్టేసి, ఎలక్ట్రీషియన్ సమక్షంలో విప్పి, ఫోటోలు తీసి, కొలవండి.

మెదడు భాగానికి ఇవాళ పెద్ద ఖర్చు లేదు. 2014లో షాంఘైకి చెందిన ఎస్‌ప్రెసిఫ్ సంస్థ ఈఎస్‌పీ8266 చిప్పును, 2016లో ఈఎస్‌పీ32ను విడుదల చేశాక, వైఫైతో సహా ఒక చిన్న కంప్యూటరు కొన్ని వందల రూపాయలకే అందుబాటులోకి వచ్చింది. అయితే ఆ చిప్పు నడిచేది 3.3 వోల్టుల మీద, మీరు ఆడించేది 230 వోల్టులను. ఈ రెండింటి మధ్యనున్న అర అంగుళంలోనే మీ సంస్థ భవిష్యత్తు ఉంది. మెయిన్స్ భాగానికీ చిప్పు భాగానికీ మధ్య బోర్డు మీద కనీసం 6 మిల్లీమీటర్ల ఎడం లేకుండా నేను ఏ బోర్డునూ తయారీకి పంపను. లోపలికి వచ్చే చోట ఫ్యూజు, వోల్టేజీ ఎగసిపడినప్పుడు తట్టుకునే వేరిస్టర్, మంట అంటుకోని ప్లాస్టిక్ పెట్టె, ఈ మూడింటిలో ఏదీ ఖర్చు తగ్గించుకునే చోటు కాదు. కొత్త బోర్డుకు తొలిసారి కరెంటు ఇచ్చేటప్పుడు, మన ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ ల్యాంపు (కరెంటు దారిలో వరుసగా కలిపిన బల్బు) ద్వారానే ఇవ్వండి. ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు వెలుగుతుంది, బోర్డు పేలదు.

చిప్పు చెప్పినట్టు పెద్ద కరెంటును కలిపి, తెంచే స్విచ్‌ను రిలే అంటారు. దాని ఎంపికలో చాలామంది దెబ్బతింటారు. రిలే మీద 10 ఆంపియర్లని ఉంటే అది పది ఆంపియర్ల ఏ లోడునైనా మోస్తుందని కాదు. ఎల్‌ఈడీ బల్బుల్లోని కెపాసిటర్లు వెలిగే క్షణంలో చాలా ఎక్కువ కరెంటును ఒక్కసారి లాగుతాయి. ఐదారు బల్బులు కలిస్తే రిలే కొనలు ఒకదానికొకటి అతుక్కుపోయి, ఆపినా లైట్లు ఆరవు. విద్యుత్ తరంగం సున్నా దగ్గరున్నప్పుడు రిలే కలిసేలా ప్రోగ్రాము రాస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. 2 కిలోవాట్ల గీజర్ 8.7 ఆంపియర్లు, 3 కిలోవాట్లది 13 ఆంపియర్లు గంటల తరబడి లాగుతుంది కాబట్టి దానికి 16 ఆంపియర్లకు తగ్గని రిలే, వెడల్పాటి రాగి దారి కావాలి. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు ఐదు నుంచి ఏడు ఆంపియర్లే తీసుకున్నా, మొదలయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు అడుగుతుంది. దాన్ని చిన్న రిలేతో నేరుగా తిప్పకండి. రిలే కాంటాక్టర్‌ను (పెద్ద లోడులను మోసే పెద్ద రిలేను) తిప్పాలి, కాంటాక్టర్ మోటారును తిప్పాలి.

ఫ్యాను సంగతి వేరు. ట్రయాక్‌తో, అంటే విద్యుత్ తరంగాన్ని కొంత కత్తిరించే ఎలక్ట్రానిక్ స్విచ్‌తో, వేగం తగ్గిస్తే మామూలు ఫ్యాను సన్నగా మూలుగుతుంది. పగలు ఎవరికీ వినిపించని ఆ మూలుగు రాత్రి పడకగదిలో భరించరానిదవుతుంది. మన రెగ్యులేటర్లలో ఉన్నట్టే కెపాసిటర్లను వరుసగా పెట్టి వేగాన్ని మార్చడం మంచిది. లోపలే సొంత ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉండే బీఎల్‌డీసీ ఫ్యానుకు ఈ రెండూ పనికిరావు. దాని వేగం దాని రిమోట్ సంకేతంతోనే మారాలి.

తయారైన నమూనాను ఇంట్లో పెట్టేముందు అలసిపోయేదాకా తిప్పండి. మూడు సెకన్లకొకసారి వేసి తీస్తే మూడున్నర రోజుల్లో లక్షసార్లు పూర్తవుతుంది. అసలు లోడు తగిలించి, మే నెలలో, ఫ్యాను లేని గదిలో, మూసిన పెట్టెలో ఈ పరీక్ష చేయండి. ఏసీ ల్యాబులో నెగ్గిన బోర్డు పడమటి గోడలోని స్విచ్ పెట్టెలో నెగ్గుతుందని నమ్మడానికి లేదు.

సెన్సర్లకూ ఇదే మాట వర్తిస్తుంది. మా ట్యాంకులో మొదట పెట్టింది విద్యార్థులు ప్రాజెక్టుల్లో వాడే, శబ్ద తరంగాలతో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సరు. ట్యాంకు లోపలి ఆవిరికి వర్షాకాలం గడవకముందే అది తుప్పు పట్టింది. నీరు తగలని రకం తెచ్చి పెడితే, దానికి ముఖం ముందు సుమారు ఒక జానెడు మేర ఏమీ కనిపించదని తెలిసింది. ట్యాంకు అంచుదాకా నిండే సమయానికి అది తప్పు లెక్క చెప్పేది. చివరికి నీటి మీద తేలుతూ పనిచేసే మామూలు ఫ్లోట్ స్విచ్‌లు రెండు, ఒకటి పైన, ఒకటి కింద, పెట్టాక ఇబ్బంది తీరింది. కొత్తదనం కోసం ఆరాటపడకుండా, మీ కొనుగోలుదారు ఇంట్లో ఐదేళ్లు నిలిచేదాన్ని ఎంచుకోండి.

కరెంటు పోయి వచ్చినప్పుడు

మన ఇళ్లకు తయారుచేసే ప్రతి పరికరానికీ మొదటి పరీక్ష ఇది, విదేశీ పుస్తకాల్లో దీనికి చోటు చాలా తక్కువ. నా తొలి నమూనా, కరెంటు పోయేముందు ఏ స్థితిలో ఉందో గుర్తుపెట్టుకుని, వచ్చాక అదే స్థితికి వెళ్లేలా రాశాను. లైట్లకు అది సరైనదే. ఒక రాత్రి మోటారు నడుస్తుండగా కరెంటు పోయి, తెల్లవారుజామున వచ్చింది. ఈలోగా సంపులో నీళ్లన్నీ ఇంటివాళ్లు తోడి వాడేశారు. మోటారు తనంతట తానే మొదలై, నీళ్లు లేకుండా తిరిగి, వైండింగ్ కాలిపోయింది. తప్పు నాదే. ఆ రోజు నుంచి పాటిస్తున్న నియమం ఇది: లైట్లు, ఫ్యాన్లు పాత స్థితికి రావచ్చు, మోటారు, గీజర్, ఇస్త్రీపెట్టె తగిలించే సాకెట్ మాత్రం కరెంటు వచ్చాక కట్టేసే ఉండాలి, మనిషి మళ్లీ వేస్తేనే నడవాలి. మోటారు లాగే కరెంటును కొలిచి, నీళ్లు లేనప్పుడు ఆ కొలత పడిపోవడాన్ని గుర్తించి ఆపే ఏర్పాటు కూడా అప్పుడే చేర్చాను.

తెలుగు రైతులకు ఈ పాఠం ఇంకా పెద్ద స్థాయిలో తెలుసు. కరెంటు వేళాపాళా లేకుండా వచ్చే రోజుల్లో బోర్లకు ఆటో స్టార్టర్లు బిగించారు. కరెంటు రాగానే మోటారు దానంతట అదే మొదలయ్యేది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలయ్యేటప్పుడు, అవే ఆటో స్టార్టర్లు భూగర్భ జలాలను అవసరం లేకుండా తోడేస్తాయని, వాటిని తీసేయమని విద్యుత్ సంస్థలు ప్రచారం చేయాల్సి వచ్చింది. మొదలుపెట్టడం మాత్రమే తెలిసిన యంత్రానికి ఆగడం ఎప్పుడో కూడా నేర్పే బాధ్యత తయారుచేసినవారిదే.

ఇంకొక సంగతి. కరెంటు రాగానే మీ పరికరం ఒక సెకనులో లేస్తుంది, రూటరు లేవడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ఆ మధ్యకాలంలో వైఫై దొరకలేదని పరికరం సెట్టింగులు చెరిపేసుకోకూడదు, పదేపదే రీస్టార్టు కాకూడదు. గోడ మీది స్విచ్ నొక్కితే ఆ సెకనులోనే లైటు వెలగాలి.

ఇంటర్నెట్ లేకపోయినా నడవాలి

గోడ మీది స్విచ్‌ను తీసేయకండి. మీ పరికరం దాని వెనుక ఉండి, దాని మాట కూడా వినాలి. ఇంటికి వచ్చిన చుట్టం, పనిమనిషి, చిన్నపిల్లవాడు యాప్ లేకుండానే లైటు వేసుకోగలగాలి. ఈ ఒక్క నియమాన్ని పాటిస్తే మీకు వచ్చే ఫిర్యాదుల్లో సగం రావని నా అనుభవం.

ఫోను నుంచి వచ్చే ఆజ్ఞ కూడా, ఫోను, పరికరం ఒకే ఇంట్లో ఉన్నప్పుడు, ఊరవతల ఉన్న సర్వరుదాకా వెళ్లి తిరిగి రావలసిన పని లేదు. ఇంట్లోని రూటరు ద్వారానే నేరుగా చేరేలా రాయండి; పరికరాలు చిన్న చిన్న సందేశాలు పంపుకునే ఎంక్యూటీటీ లాంటి తేలికైన పద్ధతులు అందుకు సరిపోతాయి. ఊళ్లో లేనప్పుడు మాత్రమే సర్వరు కావాలి. ఇది సౌకర్యం విషయం మాత్రమే కాదు, మాట నిలబెట్టుకునే విషయం. రివాల్వ్ అనే సంస్థ 300 డాలర్లకు అమ్మిన, ఇంట్లోని పరికరాలన్నిటినీ కలిపే హబ్‌లు, ఆ సంస్థను నెస్ట్ కొన్నాక, 2016 మే నెలలో సర్వరు ఆపేయడంతో పనికిరాకుండా పోయాయి. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే మరో సంస్థ సర్వర్లు ముందు చెప్పకుండానే ఆగిపోయాయి. డబ్బు పెట్టి కొన్నవారు ఏ తప్పూ చేయకుండానే నష్టపోయారు. మీ సంస్థ రేపు మూతపడినా కొన్నవారి ఇంట్లో స్విచ్‌లు నడవాలని తొలి రోజే నిర్ణయించుకోండి. తర్వాత చేర్చడం చాలా కష్టం. 2013లో పౌలస్ స్కౌట్సెన్, సూర్యాస్తమయం కాగానే ఇంట్లో లైట్లు వెలిగించడానికి రాసుకున్న చిన్న పైథాన్ ప్రోగ్రాము నుంచి ఎదిగిన హోమ్ అసిస్టెంట్ అనే ఇంటి ఆటోమేషన్ ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది, ఇంట్లోనే నడుస్తుంది. మీ పరికరం దానితో కలిసి పనిచేసేలా చేయడం మీ కొనుగోలుదారుకు మీరిచ్చే హామీపత్రం లాంటిది. వేర్వేరు సంస్థల పరికరాలు కలిసి పనిచేయడం కోసం 2022 అక్టోబరులో వచ్చిన మ్యాటర్ ప్రమాణాన్ని కూడా చదవండి.

భద్రత విషయంలో సులువైన దారులు వెతకకండి. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము, ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలను, రూటర్లను లక్షల సంఖ్యలో వశం చేసుకుంది. ప్రతి పరికరానికీ వేరే పాస్‌వర్డు ఉండాలి. కొత్త ప్రోగ్రామును దూరం నుంచి పంపేటప్పుడు అది మీరు పంపినదేనని పరికరం సరిచూసుకోవాలి, అది విఫలమైతే పాతదానికి తిరిగి వెళ్లాలి. కొత్త ప్రోగ్రామును ముందు మీ సొంత ఇంటికి, తర్వాత ఐదు ఇళ్లకు, వారం ఆగి మిగతావారికి పంపండి. లైట్లు ఎప్పుడు వెలిగాయో, ఎప్పుడు ఆరాయో తెలిపే వివరాలు ఇంట్లో ఎవరూ లేని వేళలను కూడా చెప్పేస్తాయి. అవసరం లేని వివరాన్ని సేకరించకపోవడమే అన్నిటికంటే గట్టి తాళం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా మీ మీద ఈ బాధ్యతను ఉంచుతుంది.

ఎలక్ట్రీషియన్‌ను మొదటి రోజే కలుపుకోండి

మీ వస్తువును ఇంటి యజమాని కొంటాడు, బిగించేది మాత్రం ఎలక్ట్రీషియన్. రేపు ఆ ఇంట్లో ఏది పాడైనా, అది ఫ్యూజు పోవడమే అయినా, యజమాని మొదట ఫోను చేసేది అతనికే. ‘ఆ కొత్తది పెట్టించుకున్నారు కదండీ, దానివల్లే’ అని అతను ఒక్క మాటంటే మీ వస్తువు గోడలోంచి బయటికి వచ్చేస్తుంది. అందువల్ల నమూనా దశలోనే అనుభవమున్న ఇద్దరు ఎలక్ట్రీషియన్లను పిలిచి, రోజు కూలి ఇచ్చి, మీరు నోరు మెదపకుండా పక్కన నిలబడి, వారు మీ పరికరాన్ని ఎలా బిగిస్తారో చూడండి. ఏ తీగ ఎక్కడ పెట్టాలో వారు రెండుసార్లు ఆలోచిస్తే, మీ టెర్మినల్ పేర్లు సరిగా లేవని అర్థం. ఫేజ్, న్యూట్రల్, లైటు 1, ఫ్యాను అని తెలుగులో కూడా ముద్రించండి. స్క్రూలు వారి జేబులో ఉండే టెస్టరుకు లొంగేలా ఉండాలి. ఆ చిన్న సంగతికి మా పక్కింటి ఎలక్ట్రీషియన్ నాకు చెప్పిన కృతజ్ఞతను నేను మరిచిపోలేదు.

యాప్ అవసరం లేకుండానే, బిగించిన వెంటనే ‘సరిగా ఉంది’ అని చెప్పే ఒక చిన్న లైటు పరికరం మీద ఉంచండి. బోర్డు మూత లోపల, తీగల పటం, తేదీ, మీ ఫోను నంబరు ఉన్న ఒక చీటీ అతికించండి. మూడేళ్ల తర్వాత ఆ బోర్డు విప్పే కొత్త మనిషికి ఆ చీటీ తప్ప వేరే ఆధారం ఉండదు.

లెక్కలు, కాగితాలు

ధరను నిర్ణయించేటప్పుడు చాలామంది విడిభాగాల ఖర్చును మాత్రమే చూసి మోసపోతారు. ఉదాహరణకు భాగాలకు 850 రూపాయలు, బోర్డు అతికించి పెట్టెలో పెట్టి పరీక్షించడానికి 350, చెడిపోయేవాటికీ వారంటీకీ 100, ఇంటికి వెళ్లి బిగించడానికి 300, ప్యాకింగుకూ రవాణాకూ 100, ఐదేళ్ల సర్వరుకూ ఫోను సహాయానికీ 300 అనుకుందాం. మొత్తం 2,000. ఆ వస్తువును 3,500 రూపాయలకు అమ్మితే, 18 శాతం జీఎస్టీ పోగా మీకు వచ్చేది 2,966. అందులో దుకాణానికో ఎలక్ట్రీషియన్‌కో 500 ఇస్తే 2,466. మీకు మిగిలేది 466 రూపాయలు. ఒక ఇంటికి అదనంగా రెండుసార్లు వెళ్లవలసి వస్తే అదీ మిగలదు. కాబట్టి లాభాన్ని పెంచే మార్గం ధర పెంచడం కంటే, మళ్లీ వెళ్లవలసిన అవసరం లేకుండా చేయడమే.

వైఫైతో పనిచేసే పరికరాన్ని అమ్మడానికి టెలికాం శాఖలో రేడియో తరంగాల వ్యవహారాలు చూసే డబ్ల్యూపీసీ విభాగం నుంచి ఈటీఏ (పరికర రకానికి ఆమోదం) అనే అనుమతి కావాలి. సరళ్ సంచార్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవాలి. ముందే అనుమతి పొందిన రేడియో మాడ్యూల్‌ను వాడితే పని తేలికవుతుంది. మీ వస్తువు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణాల్లో దేని కిందికి వస్తుందో రూపకల్పన దశలోనే తెలిసినవారిని అడగండి. తయారయ్యాక తెలిస్తే అచ్చులన్నీ మార్చవలసి వస్తుంది. కంపెనీని రిజిస్టరు చేసి, స్టార్టప్ ఇండియా కింద గుర్తింపు పొందితే పేటెంటు రుసుములో 80 శాతం తగ్గింపు ఉంటుంది. ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనలు కూడా తయారీదారులకు వర్తిస్తాయని మరవకండి.

నమూనాలు చేసుకోవడానికి సొంతంగా యంత్రాలు కొనకండి. హైదరాబాద్ రాయదుర్గంలో 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్ హార్డ్‌వేరు నమూనాల కోసమే ఏర్పడింది. దాని పక్కనే ఉన్న టీ-హబ్ 2015 నుంచి స్టార్టప్‌లతో పనిచేస్తోంది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ ఇంక్యుబేటరు కూడా ఉంది.

భాగస్వాముల విషయంలో, బోర్డు చేసేవారు ఒకరు, ప్రోగ్రాము రాసేవారు ఒకరు, ఇళ్లకు వెళ్లి మనుషులతో మాట్లాడేవారు ఒకరు, ఈ ముగ్గురూ ఉంటే చాలు. మూడో మనిషి తర్వాత దొరుకుతాడులే అనుకుని మొదటి ఇద్దరే మొదలుపెట్టడం సర్వసాధారణమైన పొరపాటు. ఎవరి వాటా ఎంత, మధ్యలో వదిలి వెళితే ఆ వాటా ఏమవుతుంది అన్నది స్నేహం బాగున్న రోజుల్లోనే కాగితం మీద రాసుకోండి.

తొలి పది ఇళ్లు

తొలి పది పరికరాలను బంధువులకు ఉచితంగా ఇవ్వకండి. ఉచితంగా తీసుకున్నవారు పాడైతే చెప్పరు, కట్టేసి ఊరుకుంటారు. తక్కువ ధరకైనా సరే, డబ్బు తీసుకుని, మీ ఇంటికి అరగంట దూరంలో ఉన్న ఇళ్లకే అమ్మండి, పిలిచిన గంటలో మీరే వెళ్లగలిగేలా. అందులో ఒకటి పాత మిద్దె ఇల్లు, ఒకటి అపార్ట్‌మెంటు, ఒకటి ఇన్వర్టర్ లేని ఇల్లు, ఒకటి పెద్దవాళ్లు మాత్రమే ఉండే ఇల్లు అయ్యేలా చూసుకోండి.

ఒక పుస్తకంలో ప్రతి ఇంటికీ ఒక పేజీ కేటాయించి, వెళ్లిన ప్రతిసారీ ఎందుకు వెళ్లారో, ఏం చేశారో, ఎంతసేపు పట్టిందో రాయండి. నెస్ట్ వంటి సంస్థే 2014లో తన పొగ హెచ్చరిక పరికరంలో చేయి ఊపి శబ్దం ఆపే సదుపాయం పొరపాటున పనిచేసే ప్రమాదముందని గుర్తించి, అమ్మకాలు ఆపి, దాదాపు 4.4 లక్షల పరికరాల్లో దాన్ని తొలగించవలసి వచ్చింది. లక్షల్లో దిద్దుకోవలసిన తప్పును పది ఇళ్లలోనే పట్టుకునే అవకాశం మీకు ఇప్పుడు మాత్రమే ఉంది. ఒకే రకమైన ఫిర్యాదు రెండు ఇళ్లలో వస్తే, అమ్మకం ఆపి, బోర్డును మార్చి, ఆ పది ఇళ్లకూ సొంత ఖర్చుతో కొత్తవి బిగించండి.

వరుసగా మూడు నెలలు, కనీసం ఒక వేసవి గాలివానను కలుపుకుని, ఆ పుస్తకంలో కొత్త వరుస రాయవలసిన అవసరం రాకపోతే, అప్పుడు ఉద్యోగం మానడం గురించి, పెట్టుబడి అడగడం గురించి ఇంట్లో మాట్లాడండి. పెట్టుబడిదారు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పుస్తకాన్ని కూడా వెంట తీసుకెళ్లండి.